ఐదో గది

నాలుగు నెలల వానకు
సిరొంచ దవాఖాన వెనుక నిలబడి నిలబడి
మందుల బండి
దసరా ముంగట నా కొట్టుకొచ్చింది,
నలుగురు తోస్తే.

డ్రైవర్ వ్యంకటి దిగి
"రాజుబాయీ, జెర చార్జింగ్ పెట్టు,
పొద్దుగాల అసరెల్లి పోవాలె" అన్నడు.
జెర అంటే బాటరీకి తెల్వదు.

ఆ బండి లోపల ఒక ఇల్లే ఉంది:
టీకాల ఫ్రిజ్జు, పడక, రెండు ఫ్యాన్లు,
నర్సమ్మ గోడకు అంటించుకున్న చిన్న అద్దం.
వీటన్నిటికీ తిండి పెట్టే డబ్బా
పడక కింద, పాత పేపర్ల వెనుక.
దాన్ని చూడాలంటే మోకాళ్ల మీద కూచోవాలె.
కూచున్న.

కడ్డీల మీద పచ్చగా పొంగిన ఉప్పు.
వేడినీళ్లల్ల తినే సోడా కలిపి పోస్తే
బుస్సుమన్నది.
ఆరు మూతలు విప్పి టార్చి కొట్టిన.
నీళ్లు పలకల కిందికి దిగిపోయినయి.
అంచుల మీద తెల్లపొర,
కంట్లో పువ్వు లేసినట్టు.

"నీళ్లు పోసినవా?"
"పోసిన."
"ఏ నీళ్లు?"
వ్యంకటి ప్రాణహిత దిక్కు చూసిండు.

ఏటి నీళ్లు మనుషులకు, మిరప చేన్లకు.
దీనికి రుచి లేని నీళ్లు గావాలె,
ఏ ఊరివీ కాని నీళ్లు.
అది చెప్తుంటే బీడీ ముట్టించబోయిండు.
గుంజి బయట పారేసిన.
బాటరీ ఊపిరి తీసే చోట
నిప్పు పుట్టొద్దు.

నాకు పని నేర్పిన ఇనాయతుల్లా చాచా అంటుండె:
"పని చేసి చచ్చిన బాటరీలు తక్వ బిడ్డా,
సగం కడుపుతో పండబెడితే చచ్చినవే
నా కొట్టు నిండ."

పలకలు మునిగేంత మటుకే పోసి
తీగలు తగిలించిన.
పదిహేను మీద పెడితే తెల్లారేసరికి అయితదని
వ్యంకటి ఆశ.
ముల్లును ఐదు మీదనే ఆపిన.
ఉపాసమున్న పేగులకు
ఒక్కసారే బిర్యాని పెడతరా?

నా కొట్టు బోర్డు మరాఠీల ఉంటది,
బిల్లు హిందీల రాస్త,
తిట్టుడు మటుకు తెలుగులనే.

నడిరాత్రి కరెంటు పోయింది.
వచ్చింది. మల్ల పోయింది.
వచ్చినంక చెవి ఒగ్గి విన్న,
చాచా నేర్పినట్టు.
ఒకటో గది, ఉడుకు పట్టే ఎసరు.
రెండోది గూడ, మూడు, నాలుగు, ఆరు.
ఐదో గది ఊకుంది.

గాజు గొట్టంతో పీల్చి చూసిన.
ఐదు గదులల్ల బుడగ పైకి తేలింది,
పచ్చ గీత దాక.
ఐదో దాంట్లె ఎర్రకాడ్నే కూలబడ్డది.

చేతులు పట్టుకొని వాగు దాటే వరుస ఇది.
నడుమ ఒక్కని కాలు జారితే
మిగిలినోళ్ల బలమంతా
వాన్ని గుంజుకొచ్చుడుకే సరి.

చాచా కాలంల అయితే
తారు కరిగించి ఆ గదొక్కటే విప్పుతుండె.
ఇప్పుడు ప్లాస్టిక్ అతుకు.
గది చెడితే ఇల్లంతా పారేయాలె.

తెల్లారి నర్సమ్మ వచ్చింది,
భుజానికి మంచుపెట్టె.
ఏమీ అడగలే.
గడియారం దిక్కు ఒకపారి చూసింది, అంతే.

నా కొట్టు ఇన్వర్టర్ బాటరీ విప్పిన.
విప్పేటప్పుడు ముందు నలుపు,
కట్టేటప్పుడు ముందు ఎరుపు,
కడ్డీల మీద వేలెడంత వ్యాజ్‌లీన్.
బండి ఫ్రిజ్జు గుర్రుమన్నది.

"మల్ల తెచ్చియ్యాలె వ్యంకటీ.
కొత్తది వచ్చినంక
బండి కదిలినా కదలకున్నా
నెలకొకపారి నా కాడికి తే."
తల ఊపిండు.
పోయినేడు గూడ ఊపిండు.

బండి మూల తిరిగింది.
కొట్ల ఫ్యాను ఆగిపోయింది,
చీర కుచ్చిళ్ల మీద ఆసిడ్ బొక్కలు
కొత్తవి రెండు.

బల్ల మీద పాత డబ్బాకు
తీగలు ఇంకా తీయలే.
ముల్లు రెండు మీద పెట్టిన.
లేస్తదని కాదు.
ఎన్నడో ఒకపారి, మూడో దినం,
ఇసొంటిదే ఒక గది
చిన్నగ గుటకేసిన సప్పుడు
ఈ చెవితోనే విన్న.